రెండు వేల ఏళ్లు ఆగిన గింజ

మృత సముద్రం ఒడ్డున, కొండ మీద దొరికిన ఖర్జూరం గింజ మళ్లీ చెట్టయిన యథార్థ గాథ ఇది. చెట్టునూ చిగురునూ యూదులు ఎలా చూస్తారో చెప్పే కథ. కొబ్బరిని నమ్ముకున్న కోనసీమకు బాగా తెలిసిన కథ కూడా.

2005 జనవరి. ఇజ్రాయెల్ దక్షిణాన అరవా ఎడారి. ఎటు చూసినా రాయీ ఇసుకా. ఆ ఎడారిలో కెతూరా అనే చిన్న ఊరు. పొలమూ పంటా ఊరందరికీ ఉమ్మడిగా ఉండే ఇలాంటి ఊరిని అక్కడ కిబ్బుట్జ్ అంటారు. ఎడారి మొక్కలు పెంచడంలో చెయ్యి తిరిగిన ఎలైన్ సోలొవే అక్కడ పనిచేస్తున్నారు. ఆ నెలలో ఆమె చేతిలో మూడు ఖర్జూరం గింజలు ఉన్నాయి.

మనం బజార్లో కొన్న ఖర్జూరం తిని ఊసేసే గింజల్లాంటివే. సన్నగా, పొడుగ్గా, ఒక పక్క నిలువునా గాడితో ఉంటాయి. తేడా అంతా వయసులోనే ఉంది. ఆ గింజల్ని కన్న చెట్టు దాదాపు క్రీస్తు కాలం నాటిది.

మొలుస్తాయన్న ఆశ ఆమెకు లేదు. అయినా ఒక మొక్కకు చేయాల్సిన మర్యాదలన్నీ చేశారు. ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టారు. తర్వాత మొలకను నిద్రలేపే హార్మోను ద్రావణంలో ఉంచారు. ఆపైన సముద్రపు నాచు నుంచి తీసిన పోషకం పట్టించారు. మట్టి నింపిన కుండీల్లో పాతి, నీళ్లు పెట్టారు. పాతడానికి ఆమె ఎంచుకున్న రోజు షెవాత్ మాసపు పదిహేనో తేదీ. యూదుల లెక్కలో అది చెట్లకు సంవత్సరాది.

ఆరు వారాలు గడిచాయి. ఒక కుండీలో మట్టి పగిలింది. ఆ పగులులోంచి మొలక తల ఎత్తింది. మొదటి ఆకులు పాలిపోయి తెల్లటి చారలతో వచ్చాయి, బతుకుతుందో లేదో అనిపించేలా. ఆ తర్వాత వచ్చిన ఆకులు మాత్రం పచ్చగా, నిటారుగా లేచాయి.

ఆ మొక్కకు మెతూషెల అని పేరు పెట్టారు. బైబిలు ఆదికాండంలో 969 ఏళ్లు బతికాడని చెప్పే ముసలాయన పేరు అది. ఈ గింజ వయసు అంతకు రెట్టింపు.

* * *

ఆ గింజ ఎక్కడిదో తెలియాలంటే మసాదా కొండ ఎక్కాలి.

మృత సముద్రానికి పడమట, చుట్టూ నిలువుగా కోసేసినట్టుండే బండ కొండ అది. పైన బల్లపరుపు నేల. హేరోదు రాజు దాని మీద కోటలూ, రాజభవనాలూ, గిడ్డంగులూ కట్టించాడు. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం దేవాలయాన్ని నేలమట్టం చేశాక, లొంగని యూదులు కొందరు తమ ఆడవాళ్లతో, పిల్లలతో ఈ కొండ మీద తలదాచుకున్నారు. రోమన్ సైన్యం కొండను చుట్టుముట్టి, పడమటి వైపు మట్టితో, రాళ్లతో వాలుకట్ట వేసి పైకి చేరింది. అప్పటికే లోపలి వాళ్లు బానిసలుగా చిక్కడం కన్నా చావే మేలనుకున్నారు. ఆ కాలపు చరిత్రకారుడు జోసెఫస్ లెక్కలో 960 మంది చనిపోయారు. ఇద్దరు ఆడవాళ్లు, అయిదుగురు పిల్లలు మిగిలారు.

జోసెఫస్ ఇంకో సంగతి కూడా రాశాడు. హేరోదు కాలంలో ఆ గిడ్డంగుల్లో దాచిన ధాన్యం, ద్రాక్షసారా, నూనె, ఖర్జూరాలు అన్నేళ్ల తర్వాత కూడా చెడకుండా ఉన్నాయట. కారణం ఆ కొండ గాలి. చెమ్మ లేని గాలిలో బూజు పట్టదు, పురుగు పుట్టదు. ఆ మాటకు సాక్ష్యం దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత దొరుకుతుందని రాసేనాటికి ఆయనకు తెలియదు.

1963 నుంచి 1965 వరకు పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదీన్ మసాదాను తవ్వించాడు. శిథిలాల్లో ఖర్జూరం గింజలు బయటపడ్డాయి. వాటిని భద్రం చేశారు. బార్ ఇలాన్ విశ్వవిద్యాలయంలో నలభై ఏళ్లు ఉన్నాయి.

జెరూసలేంలోని హదస్సా ఆసుపత్రిలో మందు మొక్కల మీద పరిశోధించే డాక్టర్ సారా సాలన్ వెళ్లి, వాటిలో కొన్ని ఇస్తే నాటి చూస్తామని అడిగారు. ఇది పిచ్చిపని అన్నారు అక్కడివాళ్లు. అంటూనే కొన్ని గింజలు చేతిలో పెట్టారు. వాటిలో మూడు కెతూరా చేరాయి. వాటిలో ఒకటి మొలిచింది.

మొక్కను పెద్ద కుండీలోకి మార్చేటప్పుడు వేళ్లను అంటిపెట్టుకుని గింజ పెంకు ముక్కలు దొరికాయి. వాటిని కార్బన్ పరీక్షకు పంపితే వయసు దాదాపు రెండు వేల ఏళ్లని తేలింది. 2008లో ఈ ఫలితాన్ని ‘సైన్స్’ పత్రిక అచ్చు వేసింది.

* * *

ఖర్జూరం యూదులకు ఊరికే ఒక పండ్ల చెట్టు కాదు. మోషే వాగ్దానం చేసిన దేశానికి గుర్తుగా చెప్పిన ఏడు పంటల్లో అది ఒకటి. యెరికోకు బైబిల్లోనే ఖర్జూర చెట్ల పట్టణమని పేరు. న్యాయం చెప్పే దెబోరా ఖర్జూర చెట్టు కిందే కూర్చునేది. నీతిమంతుడు ఖర్జూరంలా ఎదుగుతాడని కీర్తనల్లో ఉంది. పర్ణశాలల పండుగ నాడు చేతబట్టే నాలుగు రకాల్లో, ఇంకా విచ్చుకోని ఖర్జూరపు మొవ్వాకు ముఖ్యమైనది. శత్రువుకు కూడా ఆ చెట్టు విలువ తెలుసు. జెరూసలేంను గెలిచాక రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ వేయించిన నాణెం మీద ఖర్జూర చెట్టూ, దాని కింద కూర్చుని ఏడుస్తున్న స్త్రీ బొమ్మా ఉంటాయి. ఆ స్త్రీ యూదుల దేశమైన యూదయకు గుర్తు.

ఆ తర్వాతి శతాబ్దాల్లో యూదయ ఖర్జూర తోటలు కనుమరుగయ్యాయి. నేటి ఇజ్రాయెల్లో కనిపించే తోటలు బయటి దేశాల నుంచి తెచ్చిన రకాలతో వేసినవి.

సోలొవే గింజలు పాతిన షెవాత్ పదిహేను మాత్రం పండుగగా పుట్టలేదు. శిస్తు లెక్కతో పుట్టింది. పండ్లలో పదో వంతు దేవాలయంలో సేవ చేసే లేవీయులకూ, పేదలకూ ఇవ్వాలి. ఏ పండు ఏ ఏటి లెక్కలోకి వస్తుందో తేల్చడానికి ఒక గడువు రోజు కావాలి. ఆ రోజు మాసం మొదటి తేదీ అని షమ్మాయి అనే గురువు శిష్యులు, పదిహేను అని హిల్లెల్ అనే మరో గురువు శిష్యులు వాదించారు. హిల్లెల్ వాళ్ల మాట నెగ్గింది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. షెవాత్ నడిమికి ఆ ఏటి వానల్లో ఎక్కువ భాగం కురిసిపోయి, కొమ్మల్లోకి జీవం ఎక్కడం మొదలవుతుంది. బాదం చెట్టు అన్నింటికన్నా ముందు పూస్తుంది.

మాసం పదిహేనంటే పౌర్ణమే. కొన్నేళ్లు అది మన పుష్య పౌర్ణమికి, కొన్నేళ్లు మాఘ పౌర్ణమికి దగ్గర పడుతుంది. భీష్మ ఏకాదశి రథోత్సవం చూసి, పౌర్ణమి సముద్ర స్నానాలకు జనం మా మలికిపురం మీదుగా అంతర్వేది తరలే రోజుల్లో, కొన్ని ఏళ్లలో, అదే చంద్రుడి కింద యూదుల ఇళ్లలో చెట్ల పండుగ జరుగుతుంది.

దేవాలయం పోయాక శిస్తు ప్రాధాన్యం తగ్గింది, రోజు మిగిలింది. పదహారో శతాబ్దం నుంచి గలిలయలోని సఫేద్ పట్టణపు మార్మిక గురువుల సంప్రదాయం ఆ రోజుకు కొత్త అర్థం తెచ్చింది. పండ్లు పళ్లెంలో పెట్టుకుని, ఒక్కో పండుకు దీవెన చెబుతూ తినడం మొదలైంది. 1890లో జిక్రోన్ యాకోవ్ అనే ఊళ్లో జేయెవ్ యావెత్స్ అనే ఉపాధ్యాయుడు ఆ రోజు పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి మొక్కలు నాటించాడు. అప్పటినుంచి అది మొక్కలు నాటే రోజు కూడా అయింది.

చెట్టు విషయంలో యూదు ధర్మం గట్టిగా చెప్పేది మనిషి చేయాల్సిన పని గురించే. కొత్తగా నాటిన చెట్టు కాపును మూడేళ్లు ముట్టకూడదు. నాలుగో ఏటి కాపు దేవుడికి. అయిదో ఏడు నుంచే నాటినవాడు తినాలి. పట్టణాన్ని ముట్టడించినప్పుడు పండ్ల చెట్ల మీద గొడ్డలి వేయకూడదు. ఈ ఒక్క ఆజ్ఞ నుంచే, దేన్నీ వృథాగా పాడుచేయకూడదన్న పెద్ద నియమాన్ని వాళ్ల గురువులు తీశారు. అదే జెరూసలేం ముట్టడిలో రోమన్లు నగరం చుట్టూ మైళ్ల కొద్దీ చెట్లు నరికేశారని జోసెఫస్ రాశాడు. ఆ నియమం చదివే ప్రతి యూదుడికీ తన ఊరి చుట్టూ కూలిన చెట్లు గుర్తుకు రాక మానవు.

* * *

బైబిల్లో యోబు బాధలో ఒక మాట అంటాడు. నరికిన చెట్టుకైనా ఆశ ఉందనీ, మోడు ఎండినా నీటి వాసన తగిలితే చిగురిస్తుందనీ, మనిషికి ఆ పాటి ఆశ లేదనీ ఆ మాట సారం. యెషయా ప్రవక్త కూడా నరికిన మొద్దు నుంచి లేచే చిగురు గురించే చెబుతాడు.

కోనసీమ మనిషి ఈ మాట దగ్గర ఆగుతాడు. మామిడికీ, చింతకూ అది నిజం. కొబ్బరికి కాదు.

కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను ఈ పాఠం చెప్పింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. ముమ్మిడివరం, ఐ.పోలవరం వైపు దెబ్బ గట్టిగా తగిలింది. లక్షలాది కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. పడిన చెట్ల సంగతి ఆ తెల్లారే తెలిసింది. నిలబడిన చెట్ల సంగతి తెలియడానికి నెలలు పట్టింది. సుడిగాలికి మొవ్వు మెలిపడిన చెట్టు పైకి బాగానే కనబడుతుంది. పాత మట్టలు ఒక్కొక్కటే వాలిపోతాయి, కొత్త ఆకు రాదు. కొన్నాళ్లకు బోడి మాను మిగులుతుంది. నీటి వాసన ఎంత తగిలినా అది చిగురించదు. పక్కనే కాలువ పారుతున్నా చిగురించదు.

ఖర్జూరానిదీ ఇదే కుటుంబం. నడినెత్తిన ఒక్కటే మొవ్వు, అది చస్తే ఆ మాను తిరిగి లేవదు. మొదట్లో పిలకలు వేస్తుంది కనుక అవి బతికితే వంశం నిలుస్తుంది. అవీ పోతే మిగిలేది గింజే. అందుకే ఆ చెట్టుకు పునర్జన్మ దానంతటది రాదు. ఎవరో ఒకరు గింజ దాచాలి, ఎవరో ఒకరు గొయ్యి తీయాలి.

గింజ దగ్గరే కొబ్బరికీ ఖర్జూరానికీ దారులు వేరవుతాయి. మలికిపురం రోడ్డులో కొబ్బరి నారు అమ్మే పెద్దాయన్ని అడిగాను.

“ఏమండీ, అటక మీద మర్చిపోయిన పాత కాయ పాతితే మొలుస్తుందా?”

“ఆయ్, ఎక్కడ మొలుత్తాదండీ! కాయ ఊపితే లోపల నీళ్లాడాలండి. ఆ నీళ్లున్నప్పుడే పాతెయ్యాలి. దింపిన రెండు నెలల్లో పని అయిపోవాలండి. నీళ్లింకిపోయిందంటే ఇంక అది కురిడీయే, కొట్టు అమ్ముకోడమే.”

ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి వినిపించారు. లోపల నీళ్లు కదిలాయి. పక్కనే మడిలో నిరుడు పాతిన కాయలు డొక్క చీల్చుకుని మొలకలెత్తి ఉన్నాయి. ఒక మొలక కాయను పగలగొట్టి చూపించారు. లోపల నీళ్ల చోటంతా తెల్లటి కొబ్బరి పువ్వు నిండిపోయింది. మొలక తన వేళ్లు నేలలో ఊనేదాకా ఆ పువ్వు ద్వారానే తింటుంది. తల్లి కట్టి ఇచ్చిన ఆ చద్దిమూట అయిపోయేలోగా భూమి పట్టుకోవాలి.

ఖర్జూరం గింజ ఎండితే నిద్రపోతుంది. కొబ్బరికాయ ఎండితే చనిపోతుంది.

* * *

మసాదా మీద ఆ 960 మంది చనిపోయిన తరంలోనే యోహానాన్ బెన్ జక్కాయి అనే గురువు ఉన్నాడు. ముట్టడిలో ఉన్న జెరూసలేం నుంచి బయటపడి, యవ్నె అనే ఊళ్లో చదువుల మందిరం నిలబెట్టాడు. గుడి లేకుండా యూదు ధర్మం ఎలా బతకాలో అక్కడే కూర్చుని ఆలోచించారు. చేతిలో నాటబోయే మొక్క ఉండగా మెస్సీయ వచ్చాడన్న కబురు అందితే, ముందు మొక్క నాటి, ఆ తర్వాతే ఆయనకు ఎదురెళ్లాలని బోధించినట్టు చెప్పేది ఈయన గురించే. ఇల్లు కాలి, ఊరు పోయి, రక్షకుడి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న జనానికి చెప్పిన మాట అది. తేలిగ్గా చెప్పిన మాట కాదు.

యూదు గురువుల బోధల గ్రంథమైన తల్మూదులో హోనీ అనే భక్తుడి కథ కూడా ఉంది. డెబ్భై ఏళ్లకు గానీ కాయని కరోబ్ చెట్టును ఒకాయన నాటుతుంటే, నువ్వు తింటావా అని హోనీ అడుగుతాడు. పెద్దలు నాటినవి నేను తిన్నాను, నా పిల్లల కోసం నేను నాటుతున్నాను అన్న భావంతో ఆయన జవాబిస్తాడు. ఈ భాగం చాలామందికి తెలుసు. తర్వాతి భాగం ఇంకా లోతైనది. హోనీ అక్కడే నిద్రపోయి డెబ్భై ఏళ్లకు లేస్తాడు. ఆ చెట్టు కాయలను నాటినాయన మనవడు కోస్తూ కనిపిస్తాడు. హోనీ తన చదువుల మందిరానికి వెళ్తే అక్కడ ఆయన పేరు తెలుసు, ఆయన్ని గుర్తుపట్టేవాళ్లు లేరు. తోటివాళ్లు లేని బతుకు వద్దని ప్రార్థించి ప్రాణం విడుస్తాడు.

ఎంత కాలం ఆగి లేచినా, ఒంటరిగా లేస్తే అది పునరుజ్జీవనం కాదని ఆ కథ చెబుతోంది.

మెతూషెలకూ అదే చిక్కు వచ్చింది. 2011లో అది పూత వేసింది. మగ చెట్టని తేలింది. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. తన కాలపు చెట్టు ఒక్కటీ లేని లోకంలో అది ఒంటరిగా నిలబడి ఉంది.

సాలన్, సోలొవే వెతుకులాట ఆపలేదు. మసాదాతో పాటు కుమ్రాన్, ఇంకా యూదయ ఎడారిలోని ఇతర చోట్ల దొరికిన పాత గింజలు తెచ్చి నాటారు. వాటిలో ఆరు మొలిచాయి. ఆదాము, యోనా, ఊరియేలు, బోయజు, యూదితు, హన్నా అని పేర్లు పెట్టారు. చివరి రెండూ ఆడ చెట్లు. బైబిల్లో హన్నా పిల్లలు లేక దేవుడి మందిరంలో ఏడ్చి, కొడుకును పొందిన తల్లి. 2020 ఫిబ్రవరిలో ఈ ఆరింటి సంగతి ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చింది. ఆ ఏడాదే హన్నా పూస్తే, మెతూషెల పుప్పొడిని చేత్తో తెచ్చి ఆ పూలకు అద్దారు.

ఈ పని కోనసీమకు కొత్త కాదు. అంబాజీపేట పరిశోధన కేంద్రం గోదావరి గంగ హైబ్రిడ్‌ను ఇలాగే తీసింది. తల్లి తూర్పు కోస్తా పొడుగు రకం, తండ్రి మన గంగాబొండం. చెట్టెక్కి, పొత్తిలో మగపూలు తీసేసి, సంచి కట్టి, అనుకున్న పుప్పొడినే ఆడపూలకు అందించాలి. చెట్టుకు సంబంధం కుదిర్చేది ఇక్కడా అక్కడా మనిషే.

2020లో హన్నా 111 పండ్లు ఇచ్చింది. యెరికో ప్రాంతపు ఖర్జూరాల గురించి ఒకప్పుడు రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. ఆ చెట్ల వంశపు పండు అన్ని శతాబ్దాల తర్వాత మనిషి నాలుకకు తగిలింది.

* * *

తెలుగు నేల మీద కూడా ఈ కథకు చుట్టాలున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న యూదు సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు క్రైస్తవులు. షమూయేలు యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ములు దారి చూపగా, 1991లో ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. హీబ్రూ నేర్చుకుంటారు. అష్షూరు రాజులు చెరపట్టి చెదరగొట్టిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రపు వాళ్లం మేమని వాళ్ల నమ్మకం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవశాస్త్రవేత్తలు వాళ్ల మధ్య తిరిగి, కులమూ మతమూ పెనవేసుకున్న ఆ జీవితం మీద 2013లో పుస్తకం తెచ్చారు.

ఆ వంశావళికి రుజువులేవని అడిగేవాళ్లున్నారు. నమ్మకానికి కార్బన్ పరీక్ష ఉండదు. నాకు కనిపించేది వాళ్ల కోరిక. యాకోబు చనిపోయే ముందు, ఎఫ్రాయిముకు తండ్రి అయిన యోసేపును ఊట పక్కన ఫలించే కొమ్మతో పోల్చి దీవించాడు. ఊరి చివరకు నెట్టేసిన మనుషులు ఆ కొమ్మకు తాము చిగుళ్లమని చెప్పుకోవడంలో తలెత్తుకుని బతకాలన్న ఆరాటం ఉంది. తోటివాళ్లు తమను గుర్తుపట్టాలన్న ఆశ ఉంది. హోనీకి దక్కనిది అదే.

* * *

ఈ గాథను మలికిపురంలో కూర్చుని రాయడానికి కారణం ఉంది. మా తోటల్లో తాతలు నాటిన చెట్లు ముసలివయ్యాయి. ఎత్తు పెరిగిన చెట్టెక్కడానికి దింపు కార్మికులు దొరకడం లేదు. తెల్లదోమ వచ్చాక మట్టలు నల్లబూజు పట్టి కాపు తగ్గింది. ధర పడినప్పుడల్లా తోట తీసేసి చెరువు తవ్విద్దామన్న మాట వినిపిస్తోంది. పొడుగు రకం నాటితే ఆరేడేళ్లకు గానీ కాపుకు రాదు, అంతవరకు ఎవరు ఆగుతారన్నది అందరి ప్రశ్న.

అరటీ కందా అంతర పంటగా వేసుకుని ఆగినవాళ్లే 1996 తర్వాత కోనసీమను మళ్లీ పచ్చగా నిలబెట్టారు. వాళ్లు తల్మూదు చదవలేదు. ఆ ధర్మాన్ని మాత్రం చేతులతో పాటించారు.

మసాదా గింజకు ఎడారి గాలి రెండు వేల ఏళ్లు కాపలా కాసింది. మన గాలిలో చెమ్మ ఉంది, మన కాయకు రెండు నెలలే గడువు. కాబట్టి యూదుల చెట్ల ధర్మం ఎక్కడికన్నా ముందు కోనసీమకు వర్తిస్తుంది. ఈ తొలకరికి, మొవ్వు పోయిన ప్రతి మాను పక్కనా మీటరు లోతు గొయ్యి తీయండి. నీళ్లాడే కాయ నుంచి లేచిన ఏడాది నారు తెచ్చి నాటండి. మన తర్వాత వచ్చేవాళ్లు మనల్ని గుర్తుపట్టేది ఆ చెట్ల వల్లే.